లేసు లెక్కలు తేల్చే పిల్లకి మనం పంపాల్సింది స్కూల్ బ్యాగులు కాదు

మా అక్క కూతురు భీమవరంలో బీబీఏ చదువుతోంది. కామర్స్ క్లబ్బు, ఎన్‌ఎస్‌ఎస్, ఇంకా ఏవేవో కమిటీలు, కాలేజీలో ఏం జరిగినా దీని పేరు ఉండాల్సిందే. మా బావకి రొయ్యల చెరువులు, టెన్షన్లు ఆయనవి ఆయనకున్నాయి. "రేపు మార్కులు తగ్గితే నీ క్లబ్బు వచ్చి ఉద్యోగమిస్తుందా" అని రోజూ గొడవ. నేను పిల్ల పక్షం. మన ప్రవాస తెలుగు సంఘం వాళ్ళకి ఇదంతా ఎందుకు చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

ఆంధ్రాలో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని పెట్టారు, 180 గంటలు ఊళ్ళలో పనిచేయాలి. చాలామంది ఏం చేస్తారో అందరికీ తెలిసిందే, సీనియర్ రికార్డు తెచ్చి, పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు. ఇది మాత్రం నరసాపురం దగ్గర ఓ ఊళ్ళో లేసు అల్లే ఆవిడ అరుగు మీద నోటుబుక్కుతో కూర్చుంది. ఒక్క ముక్క అల్లడానికి ఎంతసేపు పడుతోందో ఫోన్లో టైము చూసి రాసుకోవడం, ఆవిడ మధ్యలో లేచి అన్నం వార్చినా, పాలు పోయించుకున్నా ఆ టైము తీసేయడం. "ఇదేమన్నా పనేంటమ్మా, ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకునేదే కదండి" అందట ఆవిడ. తిరకాసంతా అక్కడే ఉంది. ఖాళీ టైములో చేసేదని అల్లే మనిషే అనుకుంటుంటే గంటకి ఇంత అని అడిగేదెవరు? ఏజెంటు దారం ఇస్తాడు, డిజైను ఇస్తాడు, అల్లిన కొద్దీ డబ్బులిస్తాడు. గంటకి ఎంత పడిందో మా పిల్ల భాగహారం చేసి చూపిస్తే, ఆవిడ నమ్మకం కలగక మళ్ళీ లెక్క వేయించిందట.

కామర్సు పిల్లలు పరీక్ష కోసం బట్టీపట్టే కాస్టింగ్ (తయారీ ఖర్చు లెక్కలు) పాఠమే అది. దాని అవసరం ఏంటో మా బావకి ఒకరు చెప్పక్కర్లేదు, కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకి) ఈరోజు ధరెంతో నలుగురికి ఫోన్ చేసి కనుక్కోకుండా ఆయన చెరువులో వల వేయించడు. లేసు అల్లే ఆవిడకి అలా ఫోన్ చేయడానికి ఎవరున్నారు?

2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు మనందరం వాట్సాప్‌లో తెగ ఫార్వర్డ్ చేశాం. మంచిదే. వేరేచోట తయారైన సరుకుని ఆ పేరుతో అమ్మకుండా అది ఆపుతుంది, అల్లినావిడకి కూలి ఎంతివ్వాలో చెప్పదు.

అలాగని ఏజెంటుని విలన్ని చేసేస్తే పనైపోదు. ఇంట్లో జ్వరమొస్తే రాత్రిపూట అడ్వాన్సు ఇచ్చేది అతనే, మన సంఘం కాదు. అతన్ని తప్పించాలంటే ముందు ఆ అడ్వాన్సు ఎవరిస్తారో తేల్చాలి. మా పిల్ల డ్వాక్రా సంఘాలతో మాట్లాడుతోంది, ప్రొడ్యూసర్ కంపెనీ గురించి చదువుతోంది. చట్టప్రకారం పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే అది పెట్టుకోవచ్చు, చేతిపనుల వాళ్ళకీ వర్తిస్తుంది. కాగితం మీద తేలికే. ఈ పిల్ల పాసై హైదరాబాదు వెళ్ళిపోయాక పుస్తకాలు ఎవరు రాస్తారన్నదే నా భయం, అందుకే ఆ క్లబ్బులో జూనియర్లు తయారవ్వాలి, లెక్కలపుస్తకం కాలేజీలో కాకుండా ఆ ఆడవాళ్ళ దగ్గరే ఉండాలి.

"వ్యాపారం వేరు, సంఘసేవ వేరు" అనేవాళ్ళు రాజమండ్రి వెళ్ళి కందుకూరి వీరేశలింగం గారి గురించి కనుక్కోండి. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరంతా ఎదురు తిరిగితే వెనక నిలబడ్డవాళ్ళలో విద్యార్థులున్నారు. ఆ ఉద్యమానికి డబ్బు సాయం చేసిన పైడా రామకృష్ణయ్య గారు కాకినాడ వర్తకుడు.

ఇక మన సంగతి. ఏటా డిసెంబరులో ఊళ్ళకెళ్ళి బ్యాగులు, దుప్పట్లు పంచి, బ్యానరు పట్టుకుని ఫొటో దిగి వస్తాం. తప్పనను గానీ, ఆ డబ్బులో సగం ఒక్కసారి ఆర్డరుగా ఇచ్చి చూడండి. మహాసభల్లో సన్మానాలకి శాలువాలు, ప్లాస్టిక్ మెమెంటోలు కొంటూనే ఉన్నాం, వాటి బదులు లేసు టేబుల్ క్లాత్ ఇవ్వొచ్చు. ధర ఆ ఆడవాళ్ళు, క్లబ్బు పిల్లలు కలిసి నిర్ణయించాలి, సగం డబ్బు ముందే పంపాలి, బేరమాడకూడదు. మనలో సీఏలకి, లాజిస్టిక్స్‌లో పనిచేసేవాళ్ళకి కొదవ లేదు, ఆదివారం ఒక గంట వీడియో కాల్లో కూర్చుని ఇన్‌వాయిస్ ఎలా రాయాలో, పార్సిల్ ఎలా పంపాలో ఆ పిల్లలకి చెప్పండి. పిల్లలు తప్పులు చేస్తారు, మొదటి పార్సిల్ ఆలస్యమవుతుంది, ముక్కలు రెండు మూడు కొలత తేడా వస్తాయి. రానివ్వండి.

కమిటీ వాళ్ళు మాత్రం వచ్చే మహాసభల్లో ఎంతమందికి సన్మానమో ఇప్పుడే తేల్చాలి. అది చేత్తో అల్లే సరుకు, అలవాటు ప్రకారం ఆఖరి నెలలో ఫోన్ చేస్తే అవ్వదు.