ప్యాడ్ యాడ్‌లో ఎగిరే తెల్ల ప్యాంటు గారికి

మహారాజశ్రీ తెల్ల ప్యాంటు గారికి నమస్కారములు. ఉభయకుశలోపరి.

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తోచక చాలాసేపు పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నాను. తెల్లబట్ట కట్టిన ఆడమనిషికి ఉత్తరం రాయాల్సి వస్తే మా తాతల కాలంలో 'గంగాభాగీరథీ సమానురాలైన' అని మొదలుపెట్టేవారు. మీది ఆ తెలుపు కాదు. నెలంతా బీరువాలో ఉండి, సరిగ్గా ఆ అయిదు రోజులే ఇస్త్రీ చేయించుకుని బయటికొచ్చే తెలుపు. అందుకని మహారాజశ్రీ అని వేశాను. తప్పయితే మన్నించండి.

మన పరిచయం ఇప్పటిది కాదు. నేను ఆరో తరగతిలో ఉండగా మా ఇంటికి టీవీ వచ్చింది, దాని వెనకే మీరూ వచ్చారు. సీరియల్ మధ్యలో మీరు కనబడగానే మా నాన్న పేపరు ఎత్తుకునేవారు, పొద్దున్నే ఆసాంతం చదివేసిన పేపరే అయినా. నాయనమ్మకి దగ్గొచ్చేది. అమ్మకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. నేనొక్కదాన్నే కళ్ళప్పగించి చూసేదాన్ని. మీరు సైకిల్ తొక్కేవారు, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవారు, సముద్రపు ఒడ్డున గాల్లోకి ఎగిరేవారు. తర్వాత ఒక గాజు పాత్రలోంచి నీలం నీళ్ళు దూదిలాంటి దాని మీద పడేవి. మా క్లాసులో అందరివీ ఇంకు పెన్నులే. కాబట్టి ఇంకు కారినా ప్యాంటు పాడవకుండా కాపాడే బ్లాటింగ్ పేపరు ఏదో అమ్ముతున్నారని రెండేళ్ళు గట్టిగా నమ్మాను. ఒకటి కొనిపెట్టమని నాన్నని అడిగాను కూడా. ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

తర్వాత పెద్దమనిషినయ్యాను. అప్పుడు చూడాలి హడావిడి. చిమ్మిలి ముద్దలు తినిపించారు, పట్టులంగా కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు, మైకు సెట్టు పెట్టించి ఊరందరినీ భోజనాలకి పిలిచారు. ఇప్పుడైతే సెంటర్లో ఫ్లెక్సీ కూడా కడుతున్నారు, మేనమామల ఫోటోలతో సహా. అంటే నాకు నెలసరి మొదలైందన్న సంగతి కరెంటు బిల్లు కొట్టే అతనికి కూడా తెలుసు. అదే సంగతి సరిగ్గా మరుసటి నెల నుంచి రహస్యమైపోయింది! మెడికల్ షాపులో నలుగురూ వెళ్ళేదాకా పక్కన నిలబడాలి. షాపతను ప్యాకెట్టుకి పేపరు చుట్టి, ఆ పేపరుని నల్ల కవర్లో పెట్టి, ఎటో చూస్తూ ఇస్తాడు. ఎలుకల మందు కొన్నా మామూలు కవరే ఇచ్చే ఊళ్ళో నల్ల కవరు పట్టుకుని నడిస్తే అందులో ఏముందో తెలియనిదెవరికి?

ప్యాంటు గారూ, మీరూ ఆ నల్ల కవరూ ఒక తల్లి బిడ్డలని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. రంగులే వేరు, చేసే పని ఒకటే. ఎవరికీ తెలియకూడదు. మీరు అంత ఎత్తు ఎగిరేది కాళ్ళకి సుఖంగా ఉండి కాదు, వెనక నుంచి చూసేవాళ్ళకి 'చూసుకోండి, ఏమీ లేదు' అని చూపించడానికి. దానికి మీ వాళ్ళు పెట్టిన పేరు స్వేచ్ఛ.

మీ ముఖాన ఒక మాట చెప్పాలి. మీరంటే నాకు పడకపోవడానికి కారణం టీవీ కాదు, శనివారం. మా బళ్ళో శనివారం తెల్ల డ్రెస్సు. ఎండలో డ్రిల్లు. బాత్‌రూం తలుపుకి గడియ లేదు, ఒకత్తె లోపలికి వెళ్తే ఇంకొకత్తె తలుపు పట్టుకోవాలి. ఎనిమిదో తరగతిలో ఒక శనివారం మా బెంచీ పిల్ల లాంగ్ బెల్ కొట్టాక కూడా లేవలేదు. అడిగితే తల అడ్డంగా ఊపింది. అందరూ వెళ్ళిపోయాక లేపి చూస్తే స్కర్టు వెనకాల రూపాయి బిళ్ళంత మరక. నీళ్ళతో కడిగితే పరికిణీ అంత అయింది. బోర్డు దగ్గర సుద్దముక్క తెచ్చి రుద్దాం. తెలుపు మీద తెలుపు పూస్తే గులాబీ రంగు వస్తుందని ఆరోజే తెలిసింది. చివరికి దాని బ్యాగు పట్టీలు బాగా వదులు చేసి నడుం కిందికి దించి, దాని వెనక మేం ముగ్గురం రైలు పెట్టెల్లా ఒకరి వెనక ఒకరం నడుచుకుంటూ ఇంటిదాకా దిగబెట్టాం. ఆ రాత్రి కూడా సీరియల్ మధ్యలో మీరు ఎగిరారు.

పల్లెటూరి బడి, పాతకాలం అని తోసిపారేస్తారేమో. సరే, నిజంగా ఎగిరి దూకేవాళ్ళనే అడుగుదాం. వింబుల్డన్‌లో ఆటగాళ్ళు తలనుంచి కాలిదాకా తెలుపే వేసుకోవాలని తరాల నాటి నియమం. ఆడపిల్లల ఇబ్బంది గురించి గొడవ జరిగి జరిగి, 2023 నుంచి లోపలి నిక్కరు ముదురు రంగుది వేసుకోవచ్చని సడలించారు. అదే ఏడాది ప్రపంచకప్పుకి వెళ్ళిన ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు తెల్ల నిక్కర్లు పక్కనపెట్టి నీలం వేసుకుంది. ఆ మార్పు కావాలని అడిగింది ఆటగత్తెలే. వాళ్ళకి ఖరీదైన ప్యాడ్లు దొరక్కా? పరిగెత్తడం రాకా? ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పరిగెత్తే ఆడవాళ్ళు కోరుకున్నది ఒక్కటే, మీరు కాస్త పక్కకి తప్పుకోవడం.

ఇంగ్లండ్ దాకా ఎందుకు, రండి, మా వరి మడిలోకి దిగండి. జూలైలో నాట్లేసే ఆవిడ పొద్దున వంగితే సాయంత్రానికి గానీ నడుం ఎత్తదు. మోకాటి లోతు బురద, కనుచూపు మేరలో చాటు లేదు, మార్చుకుందామంటే గట్టు తప్ప చోటు లేదు. ఆవిడకి తెల్ల ప్యాంటు ఇస్తే ఏం చేస్తుందో తెలుసా? దిష్టిబొమ్మకి తొడుగుతుంది. మీ యాడ్లో ఆవిడ ఎప్పుడూ కనపడదు. ఎప్పుడైనా వచ్చినా, గుడ్డ వాడే అమాయకురాలిగా వచ్చి, చదువుకున్న పిల్ల చేత నాలుగు మంచి మాటలు చెప్పించుకుని వెళ్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ళ ఆడపిల్లల్లో గుడ్డ వాడుతున్నామన్నవాళ్ళు సగం మంది. సగం దేశం అమాయకత్వంతో ఆ పని చేయదు కదండీ. మా అమ్మ పాత నూలు చీర చింపి, మడతలు పెట్టి వాడేది. ఉతికి, దాని మీద ఇంకో చీర కప్పి ఆరేసేది. ఎండ తగలాలని ఆవిడకి తెలియక కాదు. దండెం వీధిలోకి కనపడుతుంది మరి.

మీ అమ్మాయిల సంగతి కూడా కాస్త మాట్లాడాలి. పెదాలు హిందీలో కదులుతాయి, మాట తెలుగులో వస్తుంది. అందరికీ పరీక్షో, పరుగు పందెమో, ఇంటర్వ్యూనో సరిగ్గా రెండో రోజే పడుతుంది. ప్యాడు మార్చకముందు కిటికీ పక్కన మసక వెలుతురులో కూర్చుంటారు, మార్చాక ఫస్టు వస్తారు. పది గంటలు చదివింది ఆ పిల్ల, పతకం దూదికి! కడుపునొప్పి ఏ ఒక్కరికీ రాదు. వేడినీళ్ళ బ్యాగు, మాత్ర, వంట మానేసి ముడుచుకుని పడుకోవడం, ఊరికే ఏడుపు రావడం, ఇవేమీ మీ లోకంలో లేవు. ముప్పై దాటినవాళ్ళు కూడా లేరు, ప్యాకెట్టు చేతికిచ్చే అమ్మ తప్ప. అన్నిటికన్నా విచిత్రం, వాడేసినదాన్ని పడేయడానికి ఆ లోకంలో ఒక్క చెత్తబుట్ట కూడా ఉండదు.

మాట కూడా అంతే. మా ఇంట్లో 'దూరంగా ఉంది' అనేవారు, పక్కింట్లో 'కాకి ముట్టింది' అనేవారు. మీరేమో 'ఆ రోజులు' అంటారు. మా పక్కింటి మాటే నయం, కనీసం కాకి అయినా ఉంది.

ఇక మీ తోబుట్టువు నీలం నీళ్ళ సంగతి. వాటిని వెక్కిరించేవాళ్ళకి తెలియదు గానీ, వాటికి సర్కారు వారి గుర్తింపు కూడా ఉండేది. 1980 నాటి భారత ప్రమాణం ప్రకారం ప్యాడు మీద నిమిషానికి 15 మిల్లీలీటర్ల చొప్పున 30 మిల్లీలీటర్లు పోసి చూడాల్సి ఉండేది. పోయాల్సింది రంగు నీళ్ళయినా సరే, గొర్రెదో మేకదో రక్తమైనా సరే. రంగు నీళ్ళకీ రక్తానికీ తేడా లేదని రాసిన ఆ కమిటీలో ఎవరున్నారో చూడాలని నాకు మహా కోరిక. తక్కువ ఖర్చుతో ప్యాడ్లు చేసే యంత్రం కనిపెట్టిన కోయంబత్తూరు మురుగనాథం మాత్రం నీళ్ళతో సరిపెట్టుకోలేదు. ఫుట్‌బాల్ బ్లాడరులో మేక రక్తం నింపి నడుముకి కట్టుకుని, తను చేసిన ప్యాడు తనే పెట్టుకుని ఊళ్ళో నడిచాడు, సైకిల్ తొక్కాడు. అచ్చం మీలాగే. తేడా ఏమిటంటే ఆయన బట్టలకి మరకలయ్యాయి, ఊరు ఆయనకి పిచ్చి అంది. 2016లో పద్మశ్రీ వచ్చింది, అది వేరే సంగతి. ఇక ప్యాడ్లూ నెలసరి కప్పులూ వగైరా కలిపి 21 రకాలు ఎంతెంత పీలుస్తాయో అమెరికా పరిశోధకులు అసలైన మనిషి రక్తం పోసి కొలిచి అచ్చువేసింది ఎప్పుడనుకున్నారు? 2023లో. చంద్రుడి మీద మనిషి నడిచిన 54 ఏళ్ళకి.

ఎరుపు చూపిస్తే తప్పేమిటంటే 'కుటుంబమంతా కూర్చుని చూస్తాం కదా' అంటారు. అవును, మా కుటుంబమంతా కూర్చునే చూస్తాం. సుమోలు గాల్లోకి లేచి, వేటకత్తికి ఒక్కో తల తెగిపడి, తెరంతా ఎర్రగా అయ్యే సీన్లో నాన్న పెరుగన్నం కలుపుకునేవారు. ఆ రక్తానికి ఎప్పుడూ పేపరు ఎత్తలేదు.

జీఎస్టీ వాళ్ళు కూడా మిమ్మల్ని చూసే మోసపోయారని నా అనుమానం. 2017 జూలైలో బొట్టుబిళ్ళలకీ గాజులకీ పన్ను లేకుండా వదిలి, ప్యాడ్లకి 12 శాతం వేశారు. బీచిలో ఎగిరే వస్తువు విలాసవస్తువు కాక మరేమిటి అనుకుని ఉంటారు. ఏడాది గడిచాక, 2018 జూలైలో తీసేశారు.

ఈమధ్య మీ వాళ్ళకి కాస్త జ్ఞానోదయం అయిన మాట నిజమే, ఒప్పుకోవాలి. బయట చేరిన పిల్ల పచ్చడి జాడీ ముట్టుకుంటే ఏమీ కాదని ఒక కంపెనీ ప్రచారం చేసింది, దానికి 2015లో కాన్స్ ప్రకటనల పోటీలో పెద్ద బహుమతి కూడా వచ్చింది. ఆ యాడ్ చూసి మా అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ ఎదుటే ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టింది. ఆ ఏడు ఆవకాయ బూజు పట్టింది. ఉప్పు తక్కువైందని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ బూజు ఇప్పటికీ మా అమ్మాయి ఖాతాలోనే ఉంది. కాన్స్ వాళ్ళు వచ్చి ఆ కేసేదో తేల్చిపోతే బాగుండు.

అన్నట్టు, మొన్న టీవీలో మీరు ఎగురుతుంటే ఆ పిల్లే ఒక మాట అడిగింది. "అమ్మా, ఈ అక్క ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోదేంటి?" నా దగ్గర జవాబు లేక ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. వీలుంటే రెండు ముక్కలు రాయండి. నీలం ఇంకుతో రాసినా చదువుకుంటాం.

ఇట్లు,
నడుముకి చున్నీ కట్టుకోవడంలో ఇరవై ఏళ్ళ అనుభవమున్న ఒక పాత పరిచయస్తురాలు

తా.క.: మా అమ్మాయి బళ్ళోనూ శనివారం తెల్ల డ్రెస్సే. మొన్న శనివారం రెండో రోజు. గేటు ముందు స్కూటీ దిగి నాలుగడుగులు వేసి ఆగింది. బ్యాగు సర్దుకుంటున్నట్టు కాస్త పక్కకి జరిపి, నా వైపు చూసింది. నోటితో ఏమీ అడగలేదు. ఏమీ లేదని తల ఊపాను. లోపలికి వెళ్ళిపోయింది.