తాతగారి పెన్నుకి పది లక్షలు రావు: ఆ వాట్సాప్ మెసేజ్‌కి నా జవాబు

"మీ ఇంట్లో పాత పార్కర్ పెన్ను ఉందా? అయితే మీరు లక్షాధికారులే!" అని మొదలయ్యే మెసేజ్ రెండు నెలలుగా మా పర్లాకిమిడిలో తిరగని గ్రూపు లేదు. తెలుగు గ్రూపుల్లో తెలుగులో, ఒడియా గ్రూపుల్లో ఒడియాలో వస్తోంది. అందులో చెప్పేది ఇదీ. పెన్ను ఎంత పాతదైతే అంత ధర. పాళీ బంగారంది కాబట్టి బంగారం రేటుతో పాటు పెన్ను రేటూ పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగించిన సంతకాలు పార్కర్ 51 అనే మోడల్‌తో పెట్టారు కాబట్టి అది చారిత్రక వస్తువు. మీద పేరు చెక్కి ఉంటే ధర రెట్టింపు. తళతళలాడేలా తోమి, ఫోటో తీసి కింది నంబరుకు పంపితే ఆన్‌లైన్ వేలంలో పది లక్షలు ఖాయం. సాక్ష్యంగా ఒక స్క్రీన్‌షాట్, అందులో ఒక పెద్ద అంకె చుట్టూ ఎర్ర గీత.

ఇరవై ఏళ్ళుగా పాత ఇంకు పెన్నులు కొని, బాగుచేసుకుని, వాటితోనే రాసుకుంటున్నవాణ్ణి. నాలుగైదు అమ్మాను కూడా. ఇలాంటి మెసేజ్‌లు రోజూ వస్తాయిలే అని మొదట వదిలేశాను. కానీ పోయిన ఆదివారం మా వీధి చివరి మేస్టారు తన పెన్ను పట్టుకొచ్చారు. దాన్ని చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

అది వాళ్ళ నాన్నగారి పార్కర్ 51. ముదురు మెరూన్ రంగు ఒళ్ళు, స్టీలు మూత. ఇంగ్లండులోని న్యూహేవెన్ ఫ్యాక్టరీలో చేసిన రకం. నలభై ఏళ్ళు బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది. మెసేజ్ చూసి మేస్టారు దాన్ని టూత్‌పేస్టుతో రెండు రోజులు తోమారు. భూతద్దం పెట్టి చూస్తే ఒంటి మీద కంపెనీ పేరు ఉండాల్సిన చోట చివరి రెండు మూడు అక్షరాల నీడ మాత్రం మిగిలింది. మిగతాదంతా నున్నగా అరిగిపోయింది. "మెరుస్తోంది కదా బాబూ, ఎంత రావచ్చు?" అని అడిగారు. ఆయనకి నిజం చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఆ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ "ఎంత పాతదైతే అంత ధర" సంగతి. పార్కర్ 51 మార్కెట్లోకి వచ్చింది 1941లో, 1970ల దాకా తయారైంది. ఆ కాలంలో అమ్ముడైనవి దాదాపు రెండు కోట్లని లెక్క. ఇప్పటికీ ప్రపంచంలో ఏ మూల చూసినా దొరుకుతాయి. మామూలు రంగుల్లో, బాగా రాసే స్థితిలో ఉన్నది ఆన్‌లైన్ వేలంలో ఎక్కువగా వంద డాలర్ల అటూ ఇటూ పలుకుతుంది. అదే 51లో ప్లమ్ అనే ఊదా రంగు ఒకటుంది. దాన్ని 1948, 49 ప్రాంతంలో కొద్దికాలమే చేశారు. అది వేలానికి వస్తే సేకర్తలు పోటీ పడతారు. అదే మోడల్, అదే కాలం, అదే పాళీ. తేడా రంగు ఒక్కటే, ధర మాత్రం ఎన్నో రెట్లు.

అలాగని అరుదైతే చాలు అనుకోవద్దు. 1930ల్లో ఏదో చిన్న కంపెనీ చేసిన, పేరు కూడా ఎవరికీ తెలియని పెన్ను ప్రపంచంలో ఒక్కటే మిగిలి ఉండొచ్చు. దాని కోసం వెతికేవాళ్ళు లేకపోతే అది వందల రూపాయలకే పోతుంది. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మన దేశపు పాత పెన్నుల గతి చాలావరకు ఇదే. రాజమండ్రిలో రత్నం వారు 1932లో చేతితో చేయడం మొదలుపెట్టిన స్వదేశీ పెన్నుకి 1935లో గాంధీగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అంత చరిత్ర ఉన్న ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) పెన్ను గురించి కూడా బయటి దేశాల కొనుగోలుదారుల్లో తెలిసినవాళ్ళు తక్కువే. పాతదనం మారకుండా అలాగే ఉంటుంది. కావాలనుకునేవాళ్ళు పెరిగితేనే ధర కదులుతుంది.

ఇంకో చిన్న విషయం. మన ఇళ్ళల్లో "పాత పార్కర్" అని దాచుకున్నవాటిలో చాలావరకు 1990ల చివరి నుంచి మన దేశంలోనే తయారైనవి, లేదా 51ని పోలిన చైనా హీరో పెన్నులు. హీరో చక్కగా రాస్తుంది, నాకూ రెండున్నాయి. కానీ దాన్ని చూపించి 51 ధర అడిగితే ఎవరూ ఇవ్వరు.

బంగారం మాట కొద్దాం. 14 క్యారెట్ అంటే అందులో బంగారం 58.5 శాతం. మామూలు సైజు పాళీ మొత్తం బరువే సాధారణంగా అర గ్రాము అటూ ఇటూ. అంటే కంసాలి దగ్గర తూకం వేస్తే వచ్చేది పావు గ్రాము పైచిలుకు బంగారం. పది లక్షల సంగతి దేవుడెరుగు, దాంతో చిన్న ముక్కుపుడక చేయించడమే కష్టం. పసుపు రంగు మూత చూసి కూడా ఆశపడకండి. ఎక్కువ వాటికి ఉన్నది ఇత్తడి మీద పల్చటి బంగారు పొర. క్లిప్పు దగ్గరా అంచుల దగ్గరా పొర పోయి ఇత్తడి బయటపడితే ధర తగ్గుతుంది.

పాళీకి నిజంగా విలువ తెచ్చేది దాని నడక. వాటర్‌మ్యాన్ కంపెనీ 1927లో నంబర్ 7 అనే పెన్ను తెచ్చి, పాళీల స్వభావాన్ని బట్టి వాటికి రంగుల పేర్లు పెట్టింది. "పింక్" అని చెక్కిన పాళీ సన్నగా రాస్తూనే ఒత్తితే చీలి విచ్చుకుంటుంది. గీత వెంట్రుకవాసి నుంచి దుక్కిచాలు అంత వెడల్పుకి వెళ్ళి మళ్ళీ సన్నబడుతుంది. "రెడ్" పాళీ మామూలుగా రాస్తుంది. రెండిట్లోనూ బంగారం దాదాపు ఒకటే. కానీ అందమైన రాత నేర్చుకునేవాళ్ళు పింక్ కోసం ఎంతైనా పెడతారు. ఇంకా చెప్పాలంటే, 1930ల చివర్లో జర్మనీలో పాళీలకి బంగారం వాడకుండా ఆంక్షలు వచ్చాయి. అప్పుడు స్టీలు పాళీలతో వచ్చిన పెలికన్ పెన్నుల్ని కూడా ఇవాళ సేకర్తలు వెతికి కొంటున్నారు. అదే చివరన ఉండే గట్టి లోహపు బొడిపె ఊడిపోయిన బంగారు పాళీ రాయడానికి పనికిరాదు, ధరా పలకదు. కొనేముందు నేను మొదట చూసేది ఆ బొడిపెనే.

యుద్ధం సంతకాల సంగతి అబద్ధమేమీ కాదు. 1945 మే 7న ఫ్రాన్సులోని రీమ్స్‌లో జర్మనీ లొంగిపోయినప్పుడు వాడింది పార్కర్ 51లే. మిత్రరాజ్యాల సేనాని ఐసెన్‌హోవర్ రెండు పెన్నుల్ని వి ఆకారంలో పట్టుకున్న ఫోటో అప్పట్లో ప్రపంచమంతా చూసింది. సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద అమెరికా జనరల్ మెకార్థర్ సంతకాలకి వాడిన పెన్నుల్లో ఒకటి నారింజ రంగు పార్కర్ డ్యూఫోల్డ్. కానీ ఆ చరిత్ర ఆ రోజు ఆ బల్ల మీద ఉన్న పెన్నులది. వాటితో పుట్టిన మిగతా లక్షల పెన్నులకి అందులో వాటా లేదు.

పేరు చెక్కి ఉంటే రెట్టింపు అన్నది పూర్తిగా తలకిందులు. ముక్కూమొహం తెలియని మనిషి పేరున్న పెన్నుని జేబులో పెట్టుకోవాలని ఎవరికుంటుంది? ఎక్కువసార్లు ధర తగ్గుతుంది. ఆ పేరు లోకానికి తెలిసినవాళ్ళదైతే లెక్క మారుతుంది, కానీ పెన్ను ఆయనదేనని రుజువుండాలి. మా ఊళ్ళో ఈ బాధ మరీ ఎక్కువ. "ఇది కృష్ణచంద్ర గజపతి మహారాజా వారు మా తాతకిచ్చింది" అనే పెన్నులు నేను ఇప్పటికి నాలుగు చూశాను. అయి ఉండొచ్చు, వాళ్ళ మాటని నేను అబద్ధమనను. కానీ ఏ దేశంలోనో కూర్చుని వేలం పాడేవాడికి ఆ రోజు తీసిన ఫోటో, దర్బారు ముద్రతో ఒక ఉత్తరం, ఏదో ఒకటి కావాలి. అది లేకపోతే ఆయన డబ్బు పెట్టేది పెన్నుకి మాత్రమే, మన కథకి కాదు.

ఇక తోమడం. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఈ సలహానే. మిగతావి వింటే ఆశాభంగంతో పోతుంది, ఇది వింటే వస్తువే పోతుంది. పాత పెన్ను ఒంటి మీద కంపెనీ ముద్ర చాలా లోతు తక్కువ. అది స్పష్టంగా ఉందంటే పెన్ను పెద్దగా వాడలేదని, ఎవరూ గీకలేదని కొనేవాడికి అర్థమవుతుంది. టూత్‌పేస్టులో ఉండేది సన్నటి రాతిపొడి లాంటిది. అది ముద్రని తినేస్తుంది, ప్లాస్టిక్ మీద కంటికి కనపడని గీతలు పెడుతుంది. ఎబొనైట్ పెన్నుని వేడినీళ్ళలో వేస్తే ఇంకా ఘోరం, నల్లటిది కాస్తా మట్టి రంగుకి తిరుగుతుంది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన లేత రంగు పెన్నుల్లో లోపలి రబ్బరు ట్యూబు విడిచే గంధకం వల్ల ఒళ్ళు గోధుమ రంగుకి మారుతుంది. దాన్ని ఎంత తోమినా పోదు. మూత అంచున సన్నటి చీలిక, చివర పంటి గాట్లు, ఎక్కడిదో పాళీ తెచ్చి అతికించడం, ధర పడిపోయేది వీటి దగ్గరే. చేయాల్సింది చాలా తక్కువ. చల్లటి నీళ్ళతో లోపల సిరా పోయేదాకా కడగడం, బయట తడిగుడ్డతో తుడవడం. ఏ భాగమైనా తిరక్కపోతే బలవంతం చేయకపోవడం.

మేస్టారి పెన్ను లోపల గొట్టం పారదర్శకంగా అలాగే ఉంది. 51ల్లో 1948 తర్వాత వచ్చిన ఆ ప్లాస్టిక్ గొట్టం గొప్పదనం అది. మిగతా కంపెనీల రబ్బరు ట్యూబులు ఈపాటికి అప్పడంలా విరిగిపోతాయి. నొక్కితే నీళ్ళు పీల్చింది. ఆయన మొహంలో అప్పుడు కాస్త వెలుగొచ్చింది.

ఇప్పుడు ఆ ఎర్ర గీత చుట్టిన అంకె. దాన్ని పెద్దది చేసి చూశాను. అది అమ్మేవాడు అడుగుతున్న ధర, ఆ ధరకి ఎవరూ కొనలేదు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు, నెలల తరబడి అలా పెట్టి ఉంచొచ్చు. ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో "అమ్ముడైనవి" అని ఫిల్టర్ పెట్టుకుంటే చేతులు మారిన ధరలే కనిపిస్తాయి. అదే మోడల్‌వి ఓ ఇరవై చూస్తే అసలు రేటు తెలిసిపోతుంది.

వేలం నడిచే తీరు కూడా తెలుసుకోవాలి. మన దగ్గర చెరువు చేపల పాటలో అందరూ ఎదురెదురుగా కూర్చుంటారు, పాడేవాడి మొహం కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో మీరు ఎంతవరకు పెట్టగలరో గుట్టుగా రాసి పెడతారు. మీరు 9000 రాసి, మీ తర్వాతివాడు 5200 దగ్గర ఆగిపోతే మీరు కట్టేది 5200 పైన ఒక చిన్న మెట్టు మాత్రమే. గెలిచినవాడు రెండోవాడి ధర కట్టే ఈ పద్ధతి గురించి విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే రాశారు, 1996లో ఆయనకి నోబెల్ వచ్చింది. దీనర్థం ఏమిటంటే, ధరని తేల్చేది గెలిచినవాడికన్నా ఎక్కువగా ఓడినవాడే. పిచ్చిగా కావాలనుకునేవాడు ఒక్కడే ఉంటే పెన్ను చవగ్గా పోతుంది. అలాంటివాళ్ళు ఇద్దరు తగిలితే ఆకాశానికెళుతుంది. అదే పెన్ను వచ్చే నెల పెడితే ఆ ఇద్దరిలో ఒకడు కొనేసుకుని ఉంటాడు. అందుకే ఒక్క వేలం ధర చూసి ఇదే రేటు అనుకోవడం తప్పు.

పైగా ముగిసే గడియ ముందే ఖరారై ఉంటుంది కాబట్టి అనుభవం ఉన్నవాళ్ళు ఆఖరి సెకన్లలోనే ధర వేస్తారు. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో దీన్ని చూపించారు. పాట వస్తున్నంతసేపూ గడువు పొడిగించే వేలాల్లో ఈ ఆఖరి నిమిషపు తొందర చాలా తక్కువని కూడా చెప్పారు. వారం రోజులు ఎవరూ పాడలేదని టెన్షన్ పడి మధ్యలో ఎవడికో తక్కువకి ఇచ్చేసే అమ్మకందారులు ఈ సంగతి తెలియక నష్టపోతారు.

అమ్మేవాడి పేరు కూడా ధరలో కలుస్తుంది. ఈబేలో మంచి పేరున్న పాత పోస్టుకార్డుల వ్యాపారి ఒకాయన, ఒకేలాంటి కార్డుల్ని తన పేరుతోనూ కొత్త ఖాతాలతోనూ అమ్మి చూశారు. ఆయన అసలు పేరుకి 8.1 శాతం ఎక్కువ ధర వచ్చింది. ఈ ప్రయోగం ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. పెన్నులకి ఇది ఇంకా ఎక్కువే ఉంటుందని నా నమ్మకం. ఎందుకంటే పెన్ను రాస్తుందో లేదో ఫోటోలో కనపడదు, చెప్పేవాడి మాటే ఆధారం. పర్లాకిమిడి నుంచి నిన్న ఖాతా తెరిచినవాడికి, ముప్ఫై ఏళ్ళుగా పెన్నులు బాగుచేసి అమ్ముతున్నవాడికి ఒకే ధర రాదు. ఈబే భారత సైటు 2018లోనే మూతపడింది. బయటికి పంపాలంటే పోస్టేజీ, కొనేవాడి దేశంలో సుంకం, అన్నీ ఆయన లెక్కేసుకునే పాడతాడు.

చివరిది, మెసేజ్ కింద ఉన్న ఆ నంబరు. మేస్టారు ఫోటో పంపారు. అరగంటలో ఫోన్ వచ్చింది. "మీ పెన్ను ఎనిమిది లక్షలకి ఖాయమైంది, రిజిస్ట్రేషన్‌కి 2,150 కట్టండి" అన్నారట. కట్టారు. మర్నాడు జీఎస్టీ పేరుతో ఇంకో 9,000 అడిగారు, అప్పుడు అనుమానం వచ్చి నా దగ్గరికొచ్చారు. పాత నాణేలు, నోట్ల పేరుతో సరిగ్గా ఇదే మోసం జరుగుతోందని, కమీషన్లూ పన్నులూ కట్టమంటే నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. వస్తువు మారింది, మాటలు అవే. నిజమైన వేలంలో అమ్మేవాడు ముందుగా ఎవరో తెలియని మనిషి ఖాతాకి డబ్బు పంపడం అనేది ఉండదు. ఇప్పటికే పంపినవాళ్ళుంటే సిగ్గుపడి ఊరుకోకండి, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మేస్టారి చేత నేను నా ఎదుటే చేయించాను.

ఆ పెన్నులో నీలం సిరా నింపి ఇచ్చాను. ముద్ర పోయింది కాబట్టి సేకర్తలు దానికి పెద్దగా ఇవ్వరు. ఆ మాట మేస్టారికి దాచకుండా చెప్పాను. ఆయన ఒక కాగితం మీద వాళ్ళ నాన్నగారి పేరు రాసి చూశారు. పాళీ ఎక్కడా ఆగలేదు. తర్వాత మూత పెట్టి చొక్కా జేబుకి తగిలించుకుని, "ఆ నంబరువాడు మళ్ళీ చేస్తే ఏం చెప్పమంటావు?" అని అడిగారు. "అమ్మనని చెప్పండి మేస్టారూ" అన్నాను.