టాక్ గారూ, కెమితి లాగిలా?

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

మహారాజశ్రీ సినిమా టాక్ గారి దివ్యసముఖమునకు,

పర్లాకిమిడిలో టికెట్టు కొనుక్కుని సినిమా చూసే మామూలు జనం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి ఆరోగ్యం గురించే కొంచెం బెంగ. గురువారం అర్ధరాత్రి ‘బ్లాక్‌బస్టర్’గా పుడతారు, శుక్రవారం కాఫీ వేళకి ‘యావరేజ్’ అవుతారు, మాట్నీకి ‘డిజాస్టర్’ అయిపోతారు. మేం సెకండ్ షోకి బయల్దేరేసరికి తమరికి పెద్దకర్మ కూడా అయిపోతోంది. ఏటి బాబూ ఈ తొందర?

ఒకప్పుడు తమరికి ఇంత దూకుడు లేదు. అప్పట్లో సినిమా అంటే రీళ్ల పెట్టె. వెయ్యి అడుగుల రీలు తెర మీద 11 నిమిషాలు నడుస్తుంది, 14 రీళ్లయితే రెండున్నర గంటల పైమాట. ఆ పెట్టెలు పెద్ద ఊళ్లలో నలిగి, గీతలు పడి, చివరికి మాలాంటి ఊళ్లకి చేరేవి. తమరు కూడా వాటి వెనకే, నౌపడ నుంచి గుణుపురం పోయే నేరోగేజి రైల్లో, కిటికీ పక్కన కూర్చుని తీరిగ్గా వచ్చేవారు. అప్పటికి బాగా ముదిరి, నిదానం నేర్చి ఉండేవారు. “పాటలు బాగున్నాయట, తల్లి పాత్ర ఏడిపించిందట” అని రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవారు.

ఇప్పుడు పెట్టె లేదు. సినిమా తాళం వేసిన ఫైలుగా హాలు సర్వర్లో ముందే దిగి ఉంటుంది. ఫలానా తేదీ ఫలానా గంటకి పనిచేసే తాళంచెవి విడిగా వస్తుంది. అంచేత మహేంద్రతనయ నది దాటితే వచ్చే ఆంధ్రా ఊరు పాతపట్నానికీ మాకూ ఆలస్యమేం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు ఇటు వచ్చింది గానీ, సినిమాకి మాత్రం ఎవరూ గీత గియ్యలేదు. గీతల్లా తమరే గీస్తున్నారు. తమరిప్పుడు పుట్టేది మన గడ్డ మీద కూడా కాదాయె. న్యూయార్కుకీ మనకీ చలికాలంలో పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు తేడా. సంక్రాంతి సినిమాకి అక్కడ మధ్యాహ్నం రెండింటికి ప్రీమియర్ పడితే మనకి రాత్రి పన్నెండున్నర. వాళ్ల ఇంటర్వెల్‌కి మేం నిద్రలో ఉంటాం. లేచేసరికి మా అభిప్రాయం ఫోనులో తయారుగా ఉంటుంది. పళ్లు తోముకోవడం ఒక్కటే మా వంతు.

ఇక తమరి భాష. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు పోరాటం మొదలుపెట్టింది మా ఊళ్లోనే. తమరి వాడుకేమో ఆరు మాటలకి కుదించుకుపోయింది: డీసెంట్, లాగ్, పూనకాలు, ఎలివేషన్, కల్ట్, వన్ టైమ్ వాచ్. వీటిలో ‘లాగ్’ మీద మాకు ప్రత్యేకమైన ఫిర్యాదుంది. సినిమా చూసొచ్చిన మనిషిని మా వీధి ఒడియా వాళ్లు “కెమితి లాగిలా?” అని అడుగుతారు. ‘ఎలా అనిపించింది?’ అని దానర్థం. మనసుకి తగిలిందా, నచ్చిందా అన్న వాకబు. “భొలొ లాగిలా” అని ఒక జవాబు, దాని వెంట అరగంట కబుర్లు. తమరి ‘లాగ్’ కూడా వినడానికి అలాగే ఉంటుంది, కానీ అది కబుర్లకి దిగదు. “సెకండాఫ్ లాగ్” అనేసి ఫోను జేబులో పెట్టేసుకుంటుంది.

ఆ లాగుడు ఎక్కడిదో ఒక్కసారైనా విప్పి చూశారా? మేం చూశాం. అందులో సగం సినిమాది కాదు, హాలుది.

సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ పది సెకన్లు పడుతుంది కదా, అప్పుడు తమరు సీటు నంబరు వెతుక్కోకుండా తెర వంక చూడండి. ఆ కాగితం తెల్లగా ఉందా, బూడిద రంగులో ఉందా? తెర మీద వెలుగుకి ప్రమాణం 14 ఫుట్ ల్యాంబర్టులు. ప్రొజెక్టర్లోని జెనాన్ దీపం గంటలు గడిచేకొద్దీ మసకబారుతుంది. మార్చాల్సిన దీపాన్నే ఇంకో రెండు పండగలు లాగిస్తే కాగితం బూడిదవుతుంది, రాత్రిపూట తీసిన యుద్ధం చీకట్లో పిల్లుల దెబ్బలాట అవుతుంది. ఎవరు ఎవర్ని కొట్టారో తెలీకుండా పన్నెండు నిమిషాలు కూర్చుంటే లాగ్ కాక మరేటవుతుంది? తమరు మాత్రం “విజువల్స్ తేలిపోయాయి” అని కెమెరా మనిషిని తిడతారు.

తరవాత చెవి సంగతి. హాలు సౌండ్ ప్రాసెసర్ మీద 7 అనే అంకె ఉంటుంది. సినిమాకి ధ్వని కలిపిన గదిలో విన్న స్థాయి అది. హాల్లో దాన్ని 4.5కో 5కో దించి పెడతారు. ఫైట్లలో చెవులు పగిలిపోతున్నాయని జనం గోల పెడతారు, స్పీకర్లు కాలిపోతాయని ఆపరేటర్ భయం. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ అంకె దించితే గుసగుసగా చెప్పిన మాట ఫ్యాన్ల మోతలో కలిసిపోతుంది. కథకి కీలకమైన రహస్యాన్ని మన రచయితలు సరిగ్గా అలాంటి గుసగుసలోనే చెప్పిస్తారు. ఇంకో పరీక్ష కూడా ఉంది. పాట నిండుగా వినిపిస్తూ మాటలు మాత్రం పక్క వీధిలోంచి వచ్చినట్టుంటే తెర వెనక మధ్య స్పీకరు పోయినట్టు లెక్క. మాటలు ఎక్కువగా వచ్చేది దాంట్లోంచే. “క్యారెక్టర్లతో కనెక్ట్ కాలేదు” అని తమరు రాసే వాక్యానికి మందు ఒక్కోసారి ఆ స్పీకరు తీగ బిగించడమే.

ఇంటర్వెల్ అయ్యాక ఏసీ ఆపేయడం గురించి వేరే చెప్పక్కర్లేదు. చెమట పడుతుంటే వాల్మీకి రాసినా లాగే.

మిగతా సగం లాగుడు సినిమాదేనని ఒప్పుకుంటాం. మనవాళ్లు కథని ఇంటర్వెల్ కోసం రాస్తారు. అక్కడ పడే కార్డుకి విజిల్ రావాలని అంతకుముందు గంటంపావు సేపు ఒక ప్రశ్నని దాచి దాచి పెంచుతారు. పేలాక మిగిలేది జవాబు చెప్పడం. జవాబేమో పది నిమిషాల పని, సినిమా ఇంకా గంటంపావు ఉంది. అంచేత ఇంటర్వెల్ అయిన ఇరవై నిమిషాలకి ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, అందులో ఊరు, ఊరికి అన్యాయం, అగ్గి. హీరోయిన్ ఆ అగ్గి దగ్గర కనపడకుండా పోయి శుభం కార్డుకి వస్తుంది. ఈ మధ్య ఇంకో జబ్బు తోడైంది. అసలు ముగింపుని రెండో భాగానికి దాచేసి, చివర్లో ఒక కొత్త మొహాన్ని చూపించి పంపేస్తున్నారు. పంక్తిలో కూర్చోబెట్టి, పప్పు వడ్డించి, పెరుగు వచ్చే ఏడాది అన్నట్టుంటుంది. దాన్ని తమరు ‘లీడ్ అదిరింది’ అంటారు. మేం ‘పెరుగేదీ?’ అంటాం.

తమరు లాగ్ అనగానే నిర్మాతలు కత్తిరింపు మొదలుపెడతారు. శనివారానికల్లా “పది నిమిషాలు ట్రిమ్ చేశాం” అని పోస్టరు పడుతుంది. కోత సంగతి సెన్సార్ బోర్డుకి చెప్పి సర్టిఫికెట్టు మీద ఎక్కించుకోవాలి, కొత్త ఫైలు హాళ్లకి పంపాలి, దానికి మళ్లీ తాళంచెవి రావాలి. పెద్ద ఊళ్లకి బేగి అందుతుంది. చిన్న ఊళ్లు ఇంకా పాత నిడివే చూస్తుంటాయి. తెలుసుకోవడం సులువే. సర్టిఫికెట్టు మీద నిడివి నిమిషాలు, సెకన్లతో సహా ఉంటుంది, పోస్టరుతో పోల్చుకుంటే చాలు. ఇంతకీ నిడివే నేరమైతే, 2024 డిసెంబర్ 5న మూడు గంటల ఇరవై నిమిషాలతో వచ్చిన ‘పుష్ప 2’కి 2025 జనవరి 17న ఇంకో ఇరవై నిమిషాలు కలిపారు. అప్పుడు తమరు దాన్ని ‘రీలోడెడ్’ అని పిలిచి పండగ చేసుకున్నారు. ఏది లాగో, ఏది లోడో మాకు ఒక పట్టిక రాసి పంపగలరు.

మార్కుల గురించి ఒక్క మాట. అయిదుకి రెండుంబావు, రెండున్నర, రెండుముప్పావు అని తూచి ఇస్తారు. కంసాలి కూడా అంత పట్టింపుగా తూచడు. ఆ పావు ఏ సీనుదో చెబితే ఆ సీను చూసి ఇంటికెళ్లిపోతాం.

లెక్కలూ తమరే మోస్తారు కాబట్టి అవీ అడగాలి. “వంద కోట్లు కొట్టింది” అంటే అది గ్రాస్. వంద దాటిన టికెట్టు మీద జీఎస్టీ 18 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద దాకా ఉన్న టికెట్టుకైతే 5 శాతం. 150 రూపాయల టికెట్టుకి మేం ఇచ్చేది 177, అందులో 27 పన్ను. ఆ వంద కోట్లూ ఇలాంటి టికెట్లవే అనుకుంటే పన్ను పోగా సుమారు 84 కోట్ల 75 లక్షలు, అందులో హాలు వాటా సగం తీస్తే డిస్ట్రిబ్యూటర్ చేతికి 42 చిల్లర. పోస్టరు మీద వంద ఉంటుంది, కొన్నవాడి మొహంలో 42 ఉంటుంది. పైగా తమరి వసూళ్ల పట్టికలో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, కర్ణాటక, ఓవర్సీస్ ఉంటాయి. ఒడిశా పేరుతో గడి ఉండదు. పర్లాకిమిడి, రాయగడ, బరంపురం, జయపురం కొట్టిన విజిళ్లన్నీ ‘రెస్టాఫ్ ఇండియా’ గోనెసంచిలోకే. మా డబ్బు లెక్కకి రానప్పుడు మీ తీర్పు మాకెందుకు వర్తించాలి?

తమరిని ఆపాలని ఇతరులూ చూశారు. కేరళ హైకోర్టు నియమించిన అమికస్ క్యూరీ, అంటే కోర్టుకి సలహా చెప్పే వకీలు, సినిమా విడుదలైన 48 గంటలపాటు వ్లాగర్లు సమీక్షలు పెట్టకుండా ఉండాలని 2024లో సూచించారు. టికెట్ల యాప్‌లో కొన్ని సినిమాల దగ్గర కోర్టు ఉత్తర్వు ప్రకారం రేటింగులు ఆపినట్టు కనిపిస్తోంది. మాకు ఆ దారి నచ్చలేదు. నోరు మూయించడమెందుకు, నిజంగా చెత్త సినిమా అయితే తమరి పుణ్యాన మా 177 మిగులుతుంది కదా.

మా కోరిక చిన్నది. సోమవారం దాటాక రండి. ఆదివారం దాకా హాల్లో ఉండేది అభిమానులు, అవతలి హీరో అభిమానులు. ఒకరు టైటిల్స్‌కే ఏడుస్తారు, ఒకరు టైటిల్స్‌కే నవ్వుతారు. సోమవారం వసూలు శుక్రవారంలో సగమైనా ఉంటే సినిమా నిలబడ్డట్టని వ్యాపారస్తులే అంటారు. ఆ రోజు ఫస్ట్ షోకి సంచీలో మరమరాలు కట్టుకుని వచ్చే ఆడవాళ్లు, దుకాణం కట్టేసి వచ్చేవాళ్లు, తెలుగు అర్థమయ్యీ కాకుండా చూసే మా ఒడియా వాళ్లు ఉంటారు. ఎగ్జిట్ గేటు దగ్గర నిలబడి వాళ్లనడగండి. మైకు మాత్రం తేవద్దు, మైకు చూస్తే వాళ్లూ ‘పూనకాలు’ అంటారు.

ఇట్లు,
తమరి కంటే ఒక ఆట ఆలస్యంగా చూసే,
పర్లాకిమిడి నేల, బెంచీ, బాల్కనీ జనం.

తా.క.: ఈ శుక్రవారం వచ్చే సినిమాకి మా హాలు దీపం పాతదే, సౌండు 4.5 మీదే. రెండుముప్పావు కంటే తగ్గించదలిస్తే ముందు ఆ రెండూ చూసి రాయగలరు.