చప్పట్లు కాదు, చెంపదెబ్బ

బడిలో ఒక పిల్లవాణ్ణి నెలల తరబడి ఏడిపించారని బయటపడిన ప్రతిసారీ పెద్దల నోట ఒకటే మాట: రెండు చేతులూ కలిస్తేనే కదా చప్పట్లు! ఇద్దరినీ గదిలోకి పిలుస్తారు, ఒకడి చేత ‘సారీ’ అనిపిస్తారు, చేతులు కలిపిస్తారు. వారం తిరక్కముందే బాధితుడి తల్లిదండ్రులకు సలహా అందుతుంది: పోనీ, మీవాణ్ణి వేరే సెక్షన్‌కు మార్చుకోకూడదూ? కొట్టినవాడు తన బెంచీలో తానుంటాడు. దెబ్బలు తిన్నవాడు సంచి సర్దుకుంటాడు. ఒక్క చెయ్యి చెంప మీద పడినా చప్పుడవుతుందని ఈ పెద్దలకు ఎవరు చెప్పాలి?

తోటివాణ్ణి ఇలా ఏడిపించడంపై (బుల్లీయింగ్) 1970లలోనే పరిశోధన మొదలుపెట్టిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ దానికి మూడు గుర్తులు చెప్పారు. కావాలని చేయడం, పదేపదే చేయడం, బలాబలాల్లో తేడా ఉండటం. మన బడులు మరిచేది ఈ మూడోదాన్నే. సమానుల మధ్య తగాదా అయితే రాజీ కుదర్చవచ్చు. నలుగురు కలిసి ఒకణ్ణి గోడకు నొక్కిపెట్టినచోట రాజీ ఏమిటి? 1982 చివర్లో నార్వేలో, బహుశా ఇలాంటి వేధింపులవల్లే, ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకున్నాకే, ఆ మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం బుల్లీయింగ్‌కు వ్యతిరేకంగా దేశమంతటా ఉద్యమం చేపట్టింది.

ఏడిపించేవాడు లోలోపల కుంగిపోయినవాడనీ, ప్రేమ కరువై అలా తయారయ్యాడనీ జాలిపడటం మనకు అలవాటు. కొందరి విషయంలో అది నిజమే. తానూ దెబ్బలు తింటూ ఇతరుల్ని కొట్టేవాడే అందరికన్నా ఎక్కువ నలిగిపోతాడు. కానీ పైకి కనిపించే మొండితనం వెనుక దాగిన ఆందోళన ఓల్వేయస్‌కు మామూలుగా కనిపించలేదు. అమెరికాలో పరిశోధకురాలు యానా యువొనెన్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఇతరుల్ని ఏడిపించే ఆరో తరగతి పిల్లలకు తోటివారిలో పలుకుబడి ఎక్కువని తేలింది. కౌమారంలో తోటివారి గుర్తింపుకోసం పడే ఆరాటం అంతా ఇంతా కాదు. ఒకణ్ణి నలుగురిలో చులకన చేస్తే ఆ గుర్తింపు చవగ్గా దొరుకుతోంది. పెద్దలు అడ్డుకోకపోతే ఇంకా చవక.

కళ్లజోడు లాక్కుని చేతులు మార్చుతూ తరగతంతా తిప్పుతుంటే, మసక చూపుతో దాని వెంట పరిగెత్తే పిల్లవాడు కూడా నవ్వుతాడు. ఏడిస్తే రేపు ఇంతకింత అవుతుందని వాడికి తెలుసు. ‘చూశారా, వాడూ నవ్వుతున్నాడు, సరదాకే’ అని ఆ నవ్వునే సాక్ష్యంగా చూపిస్తారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం!

తప్పు చేస్తూనే మనస్సాక్షిని జోకొట్టే ఇలాంటి మాటలను మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా ఏనాడో విడమరిచారు. సరదాకే చేశాం. అందరూ చేశారు. వాడే రెచ్చగొట్టాడు. మా ఆగ్రహం ఇక్కడే. పిల్లవాడి నోట ‘వాడే రెచ్చగొట్టాడు’ అన్నది పెద్దల నోట ‘రెండు చేతులూ కలిస్తేనే’ అవుతోంది. సాకు ఒకటే, పెద్దలది కాస్త మర్యాదగా వినిపిస్తుంది. తన సాకే తీర్పుగా తిరిగొచ్చినప్పుడు ఆ పిల్లవాడు నేర్చుకునేదేమిటి? పక్కన నిలబడి చూసిన ముప్పైమంది నేర్చుకునేదేమిటి?

ఆ ముప్పైమంది సంగతి చిన్నది కాదు. కెనడాలోని టొరంటో బడుల ఆటస్థలాల్లో కెమెరాలతో చేసిన పరిశీలనలో (2001) వేధింపు ఘటనల్లో 88 శాతం తోటిపిల్లల ఎదుటే జరిగాయి. వాళ్లలో ఎవరైనా కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో 10 సెకన్లలోపే ఆగిపోయాయి. ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి బృందం రూపొందించిన ‘కివా’ పద్ధతి ఈ చూపరులనే ముందుకు తెస్తుంది. ఏడిపించినవారితో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు, బాధితుడికి తోడుండమని మంచిపేరున్న సహపాఠులను అడుగుతారు, మళ్లీ కూర్చుని ఆగిందో లేదో చూస్తారు. ఒకే గదిలో చేతులు కలిపించి పంపేయరు.

కఠినంగా ఉంటే ఏడిపించిన పసివాళ్ల భవిష్యత్తు పాడవుతుందని కొందరి వాదన. బడినుంచి గెంటేయమని మేమూ అనడం లేదు, దానివల్ల మేలు జరగదని అనుభవం చెబుతూనే ఉంది. అయితే ఆ భవిష్యత్తు బెదిరి బడి మానేసిన పిల్లవాడికి లేదా? వాడి విషయంలో ఈ దయ ఏమైపోయింది? బాధితుడి సెక్షన్ మార్పు కాగితంపై సంతకం పెట్టే ప్రధానోపాధ్యాయులారా, పెన్ను పక్కనబెట్టి, చెయ్యి చేసుకున్నవాడి తల్లిదండ్రులను ముందు పిలిపించండి. ‘మావాడు అలాంటివాడు కాదు’ అంటూ వచ్చే ఆ తల్లిదండ్రులారా, మీవాడి ఫోన్‌లో నిన్న ఎవరి ఏడుపు చూసి ఎంతమంది నవ్వారో ఇవాళ వాణ్ణే అడగండి.