ఊబి గారికి ఐదో మనిషి వ్రాయునది

మహారాజశ్రీ ఊబి గారి సముఖమునకు,

చలికాలం పొడుగునా ఆదివారం ఆదివారం తమరి నెత్తి మీదుగా నడిచే 14 మందిలో ఐదో మనిషి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ నా కుడి బూటూ క్షేమం. ఎడమ బూటులోని ఇన్‌సోలు, అంటే అరికాలి కింద పరిచే మెత్త, అక్కడ తమరి కడుపులో క్షేమంగా ఉన్నదని తలుస్తాను. బూటును మాత్రం ఇవాళ 12 నిమిషాల తవ్వకం తర్వాత పెదాలు చప్పరించి మరీ వదిలారు. అందుకు కృతజ్ఞతలు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మీ పెద్దలే అన్నారు గదా అని తమరు దెప్పవచ్చు. అయ్యా, బ్రిటన్ సర్కారు మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 మ్యాపులో పచ్చటి చిన్న చిన్న గీతలతో కాలిబాట వేసింది సూటిగా తమరి బొడ్డు మీదుగానే. మేం తొక్కలేదు, సర్కారువారు తొక్కించారు.

బురద మాకు కొత్త కాదు. గోదావరి జిల్లాల్లో దమ్ము చేసిన మడిలో పంచె ఎగ్గట్టి దిగితే కాలు పిక్క దాకా దిగుతుంది, అక్కడ ఆగుతుంది. ఏళ్ళ తరబడి తొక్కుడుకి కింద ఒక గట్టి పొర పడి ఉంటుంది, కాలికి అదే దన్ను. పైగా సాయంత్రానికి ఊడ్పు కూలి ముడుతుంది. తమరి దగ్గర ఆ పొరా లేదు, ఈ కూలీ లేదు. ఇంగ్లండు తూర్పు తీరాన నార్త్ యార్క్ మూర్స్ అనే బీడు కొండల మీద ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటూ వచ్చిన పీట్, అంటే పూర్తిగా కుళ్ళని నాచూ మొక్కల మట్టి, తమరు. మోకాలి దాకా, అంటే ఒక 50 సెంటీమీటర్లు దిగామంటే, శ్రీకృష్ణదేవరాయల వారి కాలానికి వెళ్ళొచ్చామన్నమాట. చూసొచ్చింది మాత్రం నల్లటి నీళ్ళే.

సరే, అసలు ఫిర్యాదుకి వస్తాను. ఎప్పుడూ ఐదో మనిషే ఎందుకు?

లీడరు ముందు దాటతాడు. అవతల గడ్డిదుబ్బు మీద నిలబడి, "ఏం లేదు, గట్టిగానే ఉంది, వచ్చెయ్యండి" అంటాడు. ఆయన అబద్ధమాడడం లేదు. ఆయనకి గట్టిగానే ఉంది. తమరి ఒంటి మీద వేర్లూ నాచూ అల్లుకున్న చాప ఒకటి ఉంటుంది. 70 కిలోల మనిషి, వీపున 8 కిలోల సంచి, ఒక్క బూటు అడుగు వైశాల్యం దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. అంటే అడుగు వేసిన ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఇంచుమించు 400 గ్రాములు. మొదటి మనిషికి ఆ చాప సాగి ఊరుకుంటుంది. రెండో మనిషికి వేర్లు పటపటమంటాయి. మూడో మనిషికి నీళ్ళు పైకి చిమ్ముతాయి. నాలుగో మనిషి కాలు తీసేటప్పటికి అక్కడ మిగిలేది చాప కాదు, రాగిజావ. కదిపినకొద్దీ పట్టు సడలడం తమరి స్వభావం. ఆ జావలో కాలు పెట్టేవాడు ఐదోవాడు. ఆరోవాడు నన్ను చూసి చుట్టూ తిరిగి పోతాడు.

ఆ చుట్టూ తిరగడం మళ్ళీ తప్పట. ప్రతివాడూ అంచు పట్టుకుని తిరిగితే మీటరు వెడల్పు దారి పదేళ్ళలో పది మీటర్ల బురదకాలువ అవుతుంది కాబట్టి, దారి ఉన్నచోట ఒకరి వెనక ఒకరు, మధ్యలోంచే నడవాలి. అసలు దారే లేని తడి నేల మీద దీనికి సరిగ్గా ఉల్టా: ఎవరి అడుగు వాళ్ళు వేరుగా, విసనకర్రలా విడిపోయి దాటాలి, అప్పుడే చాప చిరగదు. ఈ రెండు సూత్రాలూ మా 14 మందికీ కంఠతా వచ్చు. ఏ చోట ఏది వర్తిస్తుందో తేల్చుకునే లోపల నలుగురు దాటేసి ఉంటారు.

తమరిని గుర్తుపట్టడం రాదనుకునేరు. హెదర్ పొద గోధుమరంగులో గరుకుగా ఉన్నచోట నేల కొంత నయం, దాని మొదట్లో అడుగు వెయ్యవచ్చు. రష్ అనే తుంగలాంటి గడ్డి ఉంటే తడే గానీ దుబ్బు కింద చాలాసార్లు మట్టి తగులుతుంది. ఎండిన గడ్డి దుబ్బులు తల ఊపుతూ పిలుస్తాయి, నమ్మి ఎక్కితే మడమ మడతపడుతుంది. ఇక లేత నిమ్మపచ్చ రంగులో మెత్తగా, తివాచీ పరిచినట్టు, ఈ కొండ మొత్తం మీద అందంగా కనిపించేది ఒక్కటే. స్ఫాగ్నమ్ నాచు. తన ఎండు బరువుకి 20 రెట్ల దాకా నీళ్ళు పీల్చుకోగల పదార్థం. దాని మీద కాలు పెట్టరాదు. అసలు దాన్ని చూసి "అబ్బ, ఎంత బాగుందో" అనడమే మొదటి ప్రమాద సూచన.

మంచు కురిస్తే గట్టిపడతారని ఆశపడ్డాం. పొడి చలి నాలుగు రోజులు వరసగా పడితే నిజమే, పొద్దున్నపూట రోడ్డులా ఉంటారు. కానీ పైన మంచు దుప్పటి పరిచి ఉంటే ఆ వెచ్చదనానికి తమరు కింద గడ్డకట్టరు. మరీ ఘోరం మధ్యాహ్నం పన్నెండుకి: పైన అప్పడమంత పెంకు, కింద పులుసు. ఆ పెంకు బరువు ఆపదు, కాలు జారిపోయాక పిక్క గీరుతుంది.

మీతో ఉన్న పెద్ద చిక్కు దిగడం కాదు, రావడం. (తమరు నుంచి మీరుకి దిగాను, గమనించగలరు. నేలను బట్టే మర్యాద.) కాలు పైకి లాగగానే బూటు కింద ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని నింపడానికి గాలీ రాదు, నీరూ రాదు. పైనున్న వాతావరణం మొత్తం బూటును కిందికి నొక్కి పట్టుకుంటుంది. అప్పుడు అందరూ చేసే పని రెండో కాలు మీద బలం వేసి గుంజడం. రెండోదీ దిగుతుంది. ఈలోగా ఇద్దరు మిత్రులు చెరో చెయ్యీ పట్టుకుని లాగుతారు, మనిషి వస్తాడు, బూటు ఉండిపోతుంది. చెయ్యాల్సింది వేరు. సంచి విప్పి వెనక గట్టిగా ఉన్నచోట వేసి దాని మీద కూలబడాలి. బరువు కాలి మీంచి తప్పాలి. మడమను అటూ ఇటూ కదిపి అరికాలి కిందికి నీళ్ళు చేరనివ్వాలి. తర్వాత వేళ్ళు కిందికి, మడమ పైకి పెట్టి, తొందరపడకుండా ఏటవాలుగా తియ్యాలి. ఇంతకన్నా ముందు, బయల్దేరేటప్పుడే, చీలమండ దగ్గరి కొక్కేల మధ్య లేసును రెండుసార్లు మెలిపెట్టి బిగించి ఉండాలి. పైన ఎంత బిగించినా అక్కడ వదులైతే బూటు మీదే.

ఇక పైనుంచి లోపలికి పోయిన నీళ్ళ సంగతి. వాటర్‌ప్రూఫ్ బూటు గొప్పతనం ఏమిటంటే, ఒకసారి లోపలికి చేరిన నీటిని బొట్టు బయటికి పోనివ్వకుండా ఇంటిదాకా భద్రంగా తెస్తుంది. బూటు మీదనుంచి పిక్కలకి చుట్టే గేటర్లు కట్టుకుంటే పిక్కలు పొడిగా ఉంటాయి, కానీ అరికాలి కిందనుంచి పోయే వాటి పట్టీ సగం సీజనుకే రాయి తగిలి తెగుతుంది. "అక్కడక్కడా జల్లులు" అన్న వాతావరణ సూచన గురించి ఆడవాళ్ళూ పిల్లలూ చదివే చోట రాయను.

ఇవన్నీ భరించొచ్చు, టైము ఒక్కటే భరించలేం. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన లెక్క కట్టిచ్చాడు: మూడు మైళ్ళకి గంట, 2,000 అడుగుల ఎక్కుడుకి ఇంకో గంట. మన లెక్కలో గంటకి 5 కిలోమీటర్లు, 100 మీటర్ల ఎక్కుడుకి 10 నిమిషాలు అనుకోండి. 19 కిలోమీటర్లు, 400 మీటర్ల ఎక్కుడు ఉన్న నడకకి 4 గంటల 28 నిమిషాలు. పొద్దున 9.30కి బయల్దేరితే, ఫ్లాస్కులో టీకీ పులిహోర డబ్బాకీ అరగంట పోయినా, 2.28కి కిందికి దిగాలి. ఆ సూత్రంలో మీ పేరు ఎక్కడా లేదు. ఒక్కో మనిషి మీ ఒక్కో మడుగు దాటడానికి 40 సెకన్లు తీసుకుంటే 14 మందికి తొమ్మిది నిమిషాల పైనే. అలాంటివి ఎనిమిది. కలిపి గంటంబావు. అంటే 3.43. డిసెంబరు చివర ఈ తీరంలో సూర్యుడు 3.40 ప్రాంతంలో దుకాణం కట్టేస్తాడు. నా 12 నిమిషాలు ఇందులో కలపలేదు. టీ కొట్టువాళ్ళు సూర్యుడికన్నా ముందే కట్టేస్తారు, అది వేరే బాధ.

చీకటి ఒక్కటే కాదు. రావెన్‌స్కార్ దగ్గర మూర్ దిగి రాబిన్ హుడ్స్ బే అనే సముద్రపొడ్డు ఊరి వైపు నడిచేటప్పుడు, చివర బాగుల్ హోల్ నుంచి ఇసుక మీదుగా పోవచ్చు, నీళ్ళు తీసి ఉంటేనే. పోటు మొదలైందంటే కొండచరియకీ కెరటానికీ మధ్య జాగా ఉండదు. మీ దగ్గర పోగొట్టుకున్న గంటంబావును సముద్రం వడ్డీతో వసూలు చేస్తుంది. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి వారానికి దాదాపు ఆరు గంటలు జరుగుతుంది. ఈ ఆదివారం మధ్యాహ్నం నీళ్ళు తీసే ఆటు అయితే వచ్చే ఆదివారం అదే వేళకి పోటు. పోయినవారం ఇటే వచ్చాం గదా అనుకునేవాడు తడిసిపోతాడు. అప్పుడు మెట్లెక్కి గట్టు మీది దారినే పోవాలి. అక్కడ మీ చుట్టం, మంచుయుగం వదిలేసి పోయిన బంకమట్టి, కాచుకుని ఉంటుంది. అది మనిషిని మింగదు. మన నల్లరేగడి లాగా బూటుకి అంటుకుని అడుగడుగుకీ అరకిలో పెంచుతూ పోతుంది, వానలు ఎక్కువైతే దారితో సహా సముద్రంలోకి జారుతుంది.

రైలు ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్ గారు మీ జ్ఞాతి ఫెన్ బాగ్ మీద దుంగలూ హెదర్ కట్టలూ గొర్రె ఉన్నీ పరిచి రైలుదారి వేశారు. విట్బీ నుంచి పికరింగ్ దాకా, 1836లో. మొదట గుర్రాలు లాగిన పెట్టెలు, తర్వాత ఆవిరి ఇంజన్లు, ఈనాటికీ దాని మీదుగా పోతున్నాయి. విట్బీ చుట్టుపక్కల పాతకాలంలో వేసిన రాతి పలకల బాటలున్నాయి, ట్రాడ్‌లంటారు, చేపల గంపలతో గుర్రాలు వాటి మీద నడిచాయి. గుర్రాన్ని మోశారు. ఇంజన్ను మోశారు.

ఇంక మీరూ గీరూ అనడం నా వల్ల కాదు. ఇంజన్ను మోసినదానివి, నన్ను మొయ్యలేవా? నా వెనక తొమ్మిది మంది ఉన్నారు. 95 కిలోల మనిషి ఒకాయన కుక్కను సైతం చంకనెత్తుకుని దాటాడు, చూశాను, చీలమండ కూడా తడవలేదు. నన్ను చూడగానే నోరు తెరుస్తావేం? ఆ ఇన్‌సోలు విడిగా అమ్మరు, జతే కొనాలి! కుడికాలిది కొత్తది పెట్టి ఏం చేసుకోను, నీ నెత్తిన పెట్టనా?

ఇంటికొచ్చాక ఇంకా ఉంది. నీ పులుపు తోలుకి పడదు కాబట్టి ఆ రాత్రే చన్నీళ్ళతో కడగాలి. రేడియేటరు మీద పెడితే తోలు పగులుతుంది, అడుగు జిగురు ఊడుతుంది. నాలుక బయటికి లాగి, లోపల పేపరు ఉండలు కుక్కి, గంటకోసారి మార్చాలి. తోలు ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే మైనం రాయాలి. రాత్రి పదకొండున్నరకి ఐదోసారి పేపరు మారుస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

పేపరు మారుస్తుంటే ఒక సంగతి తోచింది. ఆ పులుపే గదా, గాలి చొరకపోవడమే గదా, నీలో పడినదాన్ని కుళ్ళనివ్వనిది. మా ఇంట్లో ఆవకాయ జాడీ చేసే పనే. 1984లో చెషైర్ పీట్‌లో ఒక మనిషి దొరికాడు, సుమారు 2,000 ఏళ్ళనాటివాడు, చర్మంతో, గడ్డంతో సహా. నా ఇన్‌సోలు కూడా అంతకాలం ఉంటుంది కాబోలు. ఒకప్పుడు నిన్ను ఎండబెట్టాలని కొండ నిండా కాలువలు తవ్వినవాళ్ళే ఇప్పుడు వాటికి అడ్డుకట్టలు వేస్తున్నారు. నువ్వు తడిగా ఉంటేనే నీలోని బొగ్గుపులుసు గాలి పైకి పోదనీ, కింది ఊళ్ళకి వరద ఒక్కసారిగా రాదనీ. అంటే ఇంకా లోతవుతావన్నమాట. అవు. కాదనను.

ఇట్లు,
ఐదో మనిషి

తా.క. వచ్చే ఆదివారం మధ్యాహ్నం పోటు. ఇసుక దారి కుదరదని లీడరు తీరం తగ్గించి మూర్ మీద ఇంకో రెండు కిలోమీటర్లు కలిపాడు. నేను ఎనిమిదో స్థానానికి మారమని అడిగాను. ఎనిమిదో ఆయన ఒప్పుకోవడం లేదు.