దండెం మీద కేసు

మా అపార్టుమెంటు లిఫ్టులో పోయిన వారం ఒక నోటీసు వెలసింది. రబ్బరు స్టాంపు, సంతకం, తేదీ అన్నీ సక్రమంగా ఉన్నాయి. "బాల్కనీలలో బట్టలు ఆరవేయుట వలన భవన సౌందర్యము దెబ్బతినుచున్నది. ఇకమీదట ఆరవేసిన ఫ్లాటునకు రూ.500 జరిమానా." కింద దిగాల్సినవాణ్ణి, అది చదువుతూ మళ్ళీ నాలుగో అంతస్తుకి వెళ్ళిపోయాను. జరిమానా సంగతి తర్వాత. ఈ భవనానికి సౌందర్యం అనేది ఒకటుందని పద్నాలుగేళ్ళుగా మెయింటెనెన్సు కడుతున్న నాకే తెలియదు.

వెంటనే రోడ్డు దాటి టీ బంకు పక్కన నిలబడి వెతికాను. గోడలకి మొదట ఏ రంగు వేశారో చెప్పగలిగిన సాక్షులు ఇప్పుడు లేరు. ఏసీ డబ్బాల నుంచి కారిన తుప్పు చారలు, పావురాలు రాకుండా కట్టిన వలలు, ఆ వలల్లోనే గూడు పెట్టుకున్న పావురాలు, డిష్ గొడుగులు, మూడో అంతస్తు పైపు పక్కనుంచి ధైర్యంగా ఎదుగుతున్న రావి మొక్క. వీటన్నిటి మధ్య రెండో అంతస్తులో ఒక పసుపుపచ్చ టవలు. సౌందర్యాన్ని దెబ్బతీసింది అదేనట.

వెనక్కి తిరిగితే కూడలిలో ఇరవై అడుగుల ఫ్లెక్సీ. నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు, చుట్టూ తపాలా బిళ్ళల్లాగా అరవై తలకాయలు. ఆ పుట్టినరోజు అయిపోయి రెండు నెలలైంది. అదీ తాళ్ళతో కట్టిందే, అదీ గాలికి ఊగేదే. మా టవలు కనీసం సాయంత్రానికి లోపలికి వెళ్ళిపోతుంది.

సరే, బాల్కనీ వద్దంటే మిద్దె ఉంది కదా అంటారు మీరు. మిద్దెకి తాళం. జనం తిరిగితే స్లాబు లీకవుతుందట. తాళం సెక్రటరీ గారి దగ్గర, సెక్రటరీ గారు ఎప్పుడూ "బయట ఉండాను సామీ". మరి బట్టలు ఎక్కడ ఆరేయాలి అని మీటింగులో అడిగితే, డ్రయ్యర్ కొనుక్కోమన్నారు. ఒక్క విడత ఆరబెట్టడానికి రెండు మూడు యూనిట్ల కరెంటు తాగే యంత్రం. ఏ ఊళ్ళో? మే నెలలో నలభై డిగ్రీలు దాటే తిరుపతిలో. ఇక్కడ పదకొండు గంటలకు ఆరేసిన జీన్సు ప్యాంటు పన్నెండున్నరకి అట్టయిపోయి, గోడకి ఆనిస్తే కాళ్ళూనుకుని నిలబడుతుంది. ఆ ఎండని బయట వదిలేసి, తలుపు మూసుకుని, లోపల కరెంటుతో ఎండ తయారు చేసుకోవాలన్న మాట.

"అమెరికాలో ఎవరన్నా బాల్కనీలో ఆరేస్తారాప్పా? మా అబ్బోడి దగ్గర ఆరు నెలలుండి వచ్చినా, ఒక్క గుడ్డ కనపడలా," అన్నారు సెక్రటరీ గారు. నిజమే. అక్కడా ఇలాంటి సంఘాలే దండేలు కట్టనివ్వలేదు. జనం గొడవ చేస్తే, కెనడాలో ఒంటారియో 2008లో, అమెరికాలో వెర్మాంట్ 2009లో ఆ నిషేధాలను పక్కన పెట్టాయి. వాళ్ళు విప్పి పారేసిన గుదిబండని మనవాళ్ళు విమానంలో లగేజీ కట్టి తెచ్చుకున్నారు.

బట్ట ఆరేయడం ఒక పని అనుకునేవాళ్ళకి నేను చెప్పేది అర్థం కాదు. బకెట్లోంచి తడి చొక్కా తీసి, రెండు భుజాలూ పట్టుకుని టప్‌మని దులపాలి. మొహం మీద తుంపర పడాలి. అంచు దగ్గర పట్టి తలకిందులుగా వేయాలి, లేకపోతే భుజాల మీద క్లిప్పుల గుర్తులు కొమ్ముల్లాగా లేస్తాయి. రంగు బట్ట తిరగేసి వేయాలి. ఇనుప తీగైతే ముందు తడిగుడ్డతో తుడవాలి, లేదంటే తెల్ల పంచె నడుమున తుప్పు గీత పడి జన్మలో పోదు. ప్లాస్టిక్ క్లిప్పులు ఇక్కడి ఎండకి ఒక్క వేసవి ఆగితే గొప్ప, రెండో ఏడు నొక్కగానే వేళ్ళ మధ్యే విరుగుతాయి. మా అమ్మ కాలంలో వసారాలో పైకప్పుకి వేలాడదీసిన వెదురు దండెం ఉండేది. మడి చీరని పొడుగాటి కర్రతో ఎత్తి, చెయ్యి తగలకుండా అంత ఎత్తున పరిచేది. తొమ్మిది గజాల చీర కర్ర కొస మీద నుంచి ముడత లేకుండా జారి సర్దుకోవడం చూసి తీరాలి. నేను ఇప్పటికీ రెండు చేతులతో ఒక దుప్పటి సరిగ్గా వేయలేను.

ఆ వాసన సంగతి సరేసరి. ఎండలో ఆరిన దుప్పటి వాసన మన ఊహ అనుకునేవాళ్ళ కోసం చెబుతున్నా. కోపెన్‌హేగన్ యూనివర్సిటీ పరిశోధకులు శుద్ధమైన నీళ్ళలో ఉతికిన టవళ్ళను చీకటి గదిలో ఒకసారి, బాల్కనీ నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి ఆరేసి, వాటి నుంచి వచ్చే గాలిని పరీక్ష చేశారు. 2020లో ఫలితం అచ్చు వేశారు. పరిమళ ద్రవ్యాల్లో, పూలలో దొరికే రకం పదార్థాలు కొన్ని ఎండలో ఆరిన టవళ్ళలోనే దొరికాయి. సూర్యుడు బతిమాలితే గానీ కనపడని దేశంలో బాల్కనీకి టవలు కట్టి సైన్సు రాసుకున్నారు. ఇక్కడ అదే టవలుకి మా అసోసియేషన్ అయిదు వందలు రాస్తోంది.

అన్నట్టు, మన పక్కనే శ్రీకాళహస్తి కలంకారీ. గుడ్డని కరక్కాయ, పాల కషాయంలో ముంచి ఎండకి వేస్తేనే దాని మీద కలం సాగుతుంది, ఆ తర్వాతా ఉతకడం, ఆరేయడం ఎన్నిసార్లో. ఆ గుడ్డే ఫ్రేము కట్టించి మా ప్రెసిడెంటు గారి హాల్లో గోడకి వేలాడుతోంది. అది కళ. నా పంచె నేరం.

ఇక బనీను కేసుకి వస్తాను.

నోటీసు పడిన మూడో రోజు సాయంత్రం కొండ వైపు నుంచి గాలి లేచింది. ఎవరిదో ఒక తడి బనీను ఎగిరి వచ్చి కోశాధికారి గారి తులసికోట మీద వాలింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. సాక్ష్యం కదా. నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, ఎర్ర గీతతో సున్నా చుట్టి, గ్రూపులో పెట్టారు: "ఈ బనీను ఎవరిది? 24 గంటల లోపల ఒప్పుకోవలెను." ముప్పై ఆరు ఫ్లాట్లు. ముప్పై ఆరు మౌనాలు. రోజూ పొద్దున్నే అడక్కుండా శుభోదయం పూలు పంపించే పెద్దాయన కూడా మర్నాడు పూలు పంపలేదు.

సెల్లారులో స్కూటర్ల మధ్య కుర్చీలు వేసుకుని కమిటీ కూర్చుంది. ఎగ్జిబిట్‌ని పరిశీలించారు. సైజు తొంభై అయిదు. చిల్లులు పదకొండు, అందులో రెండు పెద్దవి, ఒకటి ఎలుక పని అయి ఉండవచ్చునని అభిప్రాయం. తొంభై అయిదు సైజు వారి జాబితా తయారు చేయమన్నారు. ఆ సైజు కమిటీలోనే ఇద్దరిదని తేలాక జాబితా ఆలోచన విరమించారు. చివరికి బనీనుని ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి కట్టి, మీద తేదీ రాసి ఆఫీసు గది బీరువాలో పెట్టారు.

తడి బనీను, గాలాడని కవరు, మూడు రోజులు. మూడో రోజు వాచ్‌మన్ వచ్చి, "సార్, ఆఫీసు రూములో ఎలుక సచ్చినట్టుండాది," అన్నాడు. బీరువా తీశారు. ప్రెసిడెంటు గారు ముక్కు మూసుకుని, "ముందు దీన్ని ఉతికించండి," అన్నారు. ఉతికింది వాచ్‌మన్ భార్య, ఇంకెవరు. ఉతికేశాక ఆమె బకెట్టు పట్టుకుని నిలబడి, "యాడ ఆరేసేది సార్?" అని అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు. బాల్కనీ నిషేధం. మిద్దెకి తాళం. లోపల పెడితే మళ్ళీ ఎలుక. చాలాసేపు ఆలోచించి, గేటు పక్కన నోటీసు బోర్డు మేకుకి తగిలించారు. ఆ పూటంతా "భవన సౌందర్యము" అనే మాటల మీద ఆ బనీను నీళ్ళు కార్చుకుంటూ వేలాడింది. స్కూలు నుంచి వచ్చిన పిల్లలు దానితో సెల్ఫీలు దిగారు. యజమాని ఇప్పటికీ దొరకలేదు. బనీను మాత్రం రోజూ పొద్దున్నే సెక్రటరీ గారి కారు తుడుస్తోంది.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. నోటీసులో మూడో నిబంధన ఉంది: "స్త్రీల లోదుస్తులు ఎట్టి పరిస్థితులలోను బయటికి కనబడరాదు."

మగవాళ్ళ డ్రాయర్ల గురించి ఒక్క ముక్క లేదు. చారల డ్రాయర్లు, జేబు వేలాడే పట్టాపట్టీ నిక్కర్లు, ఎన్నైనా ఆరేసుకోవచ్చు, అయిదు వందలతో పోతుంది. ఆడవాళ్ళవి మాత్రం "ఎట్టి పరిస్థితులలోను". ఏ పరిస్థితులు అవి? చెప్పండి. వాన పడుతుంటేనా? నవంబరులో ఈశాన్య రుతుపవనాలకి వారం రోజులు ఎండ మొహం చూడకపోతేనా? ఒంటికి అంటుకుని ఉండే బట్టకే అందరికంటే ఎక్కువ ఎండ కావాలి. దాన్నే తీసుకెళ్ళి టవలు కింద, లంగా కింద, బాత్‌రూమ్ తలుపు వెనక మేకుకి దాస్తారు. అది ఆరదు. ఆరకుండానే కట్టుకుంటారు. తర్వాత దురద, తామర, ఆయింట్‌మెంటు, మళ్ళీ దాపరికం. నెలసరి గుడ్డ వాడేవాళ్ళకి ఆశా కార్యకర్త మొదట చెప్పేది, బాగా ఉతికి ఎండలో ఆరేయమ్మా అని. ఆ ఎండకి అడ్డంగా నిలబడి జరిమానా పుస్తకం తెరిచిన మీరెవరయ్యా? గుడ్డని చూసి మీ మనసు చెదిరితే, మందు వేసుకోవాల్సింది మీరు. దండెం కాదు.

ఇందులో నా వాటా కూడా ఉంది. మా ఇంట్లో టవళ్ళు ఎప్పుడూ రెండు పొరలుగా ఎందుకు ఆరేస్తారో పంతొమ్మిదేళ్ళుగా నేను అడగలేదు. నోటీసు చదివాక పై పొర ఎత్తి చూశాను. మా ఆవిడ ఏమీ అనలేదు. నా చేతిలోంచి టవలు తీసుకుని మళ్ళీ అలాగే కప్పేసింది.

పైగా ఇది ఏ ఊరు? తాతయ్యగుంట గంగమ్మ ఊరు. మే నెలలో జాతర వస్తే మగాళ్ళు చీరలు కట్టి, జాకెట్లు తొడిగి, పూలు పెట్టుకుని వీధుల్లో నడిచే ఊరు. ఈ ఏడు సెక్రటరీ గారు కూడా మొక్కు తీర్చుకున్నారు. వాళ్ళావిడ మెరూన్ రంగు వెంకటగిరి చీర, చేతినిండా గాజులు, మీసం అలాగే. మేమంతా దండం పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. మర్నాడు ఆ చీర ఉతికి ఆరేయడానికి మిద్దె తాళం తీశారు. అందరం చూశాం. స్లాబు లీకవలేదు.

కొండ మీదికి వెళ్ళినప్పుడు చూడండి. పుష్కరిణిలో స్నానం చేసి వచ్చిన ఆలుమగలు తడి చీరని చెరో కొసా పట్టుకుని గాలికి ఎదురుగా నిలబడతారు. చీర తెరచాపలాగా ఉబ్బుతుంది. మధ్యలోంచి పిల్లవాడు దూరి పరిగెత్తుతాడు. వాళ్ళకి ఏ కమిటీ అనుమతీ లేదు, ఎవరి సౌందర్యమూ దెబ్బతినలేదు.

నిన్న పొద్దున మా బాల్కనీలో ఈ కొస నుంచి ఆ కొస దాకా దండెం కట్టాను. టవలు ఒక పొరే వేశాం, మిగతావి దాని పక్కన. మా ఆవిడ మొదట రెండుసార్లు కిందకి తొంగి చూసి, మూడోసారి చూడలేదు. పదింటికల్లా కోశాధికారి గారు వచ్చి బెల్లు కొట్టారు. అయిదు వందలు ఇచ్చి రశీదు రాయించుకున్నాను. చొక్కా జేబులో పెట్టుకుని మర్చిపోయాను, ఈ రోజు అది చొక్కాతోపాటే ఉతుకులోకి వెళ్ళింది. స్టాంపు సిరా కారి ఊదారంగు మరకైంది. సంతకం మాత్రం కొంచెం మిగిలింది. దాన్నీ జాగ్రత్తగా విప్పి, రెండు క్లిప్పులు పెట్టి, రోడ్డు వైపుకే ఆరేశాను.