పాప్‌కార్న్ కంపెనీకి పొంచి ఉన్న ముప్పు

అమెరికాలోని చిన్న ఊళ్ల వారు ముస్లింలను చూసి భయపడుతున్నారని నగరాల మేధావులు వెక్కిరించడం బొత్తిగా అన్యాయం. భయపడటానికి కూడా ఒక హోదా ఉండాలి. న్యూయార్క్ వాసికి అది పుట్టుకతోనే వస్తుంది. మొక్కజొన్న చేల మధ్య పుట్టినవాడు దాన్ని కష్టపడి సంపాదించుకోవాలి. పక్క కౌంటీలో కూడా పేరు తెలియని తన ఊరిని పేల్చేయడానికి ఎక్కడో ఎడారిలో ఎవడో రాత్రింబవళ్లు పథకాలు వేస్తున్నాడని నమ్మితే ఆ ఊరికి ఎంత గౌరవం!

ఈ గౌరవాన్ని ప్రభుత్వం కూడా గుర్తించింది. దేశంలో కాపాడుకోవలసిన కీలక ఆస్తులంటూ హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కూర్చిన జాబితాలో 77,069 పద్దులు ఉన్నట్టు ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2006లో లెక్క తేల్చారు. వాటిలో న్యూయార్క్ రాష్ట్రానివి 5,687 కాగా, ఇండియానా రాష్ట్రానివి 8,591. అలబామాలో పిల్లలు మేకపిల్లలను నిమరడానికి వెళ్లే ఓ జంతుశాల, టెనెసీలోని కొలంబియాలో ఏటా జరిగే కంచరగాడిదల ఊరేగింపు, ఇండియానాలోని బర్న్ అనే ఊళ్లో ఐదుగురు పనివాళ్లున్న ‘ఆమిష్ కంట్రీ’ అనే పాప్‌కార్న్ కంపెనీ, అన్నీ ఆ జాబితాకెక్కాయి. పాప్‌కార్న్ పేలుతుంది కదా, అందుకేనేమో అన్నాడట దాని యజమాని. జాతీయ భద్రత మీద ఇంతకన్నా మెరుగైన విశ్లేషణ నాకింతవరకు కనబడలేదు.

న్యూహాంప్‌షైర్‌లోని కీన్ పట్టణ పోలీసులు మరింత ముందుచూపు ఉన్నవారు. బేర్‌క్యాట్ అనే ఉక్కుకవచపు వాహనం కొనడానికి వారు కేంద్ర నిధుల కోసం పెట్టుకున్న దరఖాస్తులో, ఉగ్రవాదుల కన్ను పడగల సందర్భంగా తమ ఊరి గుమ్మడికాయల పండుగను పేర్కొన్నారు. రెండు లక్షల ఎనభై అయిదు వేల డాలర్ల పైచిలుకు మంజూరైంది. 2014 అక్టోబరులో ఆ పండుగనాడు నిజంగానే అల్లర్లు చెలరేగి, సీసాలు గాల్లోకి ఎగిరి, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించవలసి వచ్చింది. చేసినవారు మాత్రం తప్పతాగిన కాలేజీ కుర్రకారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం మన దగ్గరి ఆచారం. అక్కడ పక్కవాడి గడ్డం తడుముతారు.

టెనెసీలోని మర్‌ఫ్రీస్‌బరోలో 2010లో మసీదు కట్టుకోవడానికి అనుమతి వచ్చినప్పుడు ఆ ఊరి పౌరులు చూపిన శ్రద్ధను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇస్లాం అసలు మతమే కాదు గనుక దానికి మతస్వేచ్ఛ వర్తించదని వారి తరఫున కోర్టులో వాదన నడిచింది. చివరకు, ఇస్లాం ఒక మతమేనని అమెరికా న్యాయశాఖ ఆ కోర్టుకు లిఖితపూర్వకంగా విన్నవించుకోవలసి వచ్చింది. ఈలోగా నిర్మాణస్థలంలో ఒక యంత్రానికి ఎవరో నిప్పుపెట్టారు. అది ఉగ్రవాదం కాదు లెండి, ప్రజాభిప్రాయం. మసీదు 2012 ఆగస్టులో తెరుచుకుంది.

ఆ రాష్ట్ర శాసనసభ్యులు కూడా అప్రమత్తులే. నాష్‌విల్‌లోని శాసనసభా భవనానికి మరమ్మతులు ముగిశాక, 2013లో, పురుషుల మరుగుదొడ్డిలో నేలమట్టానికి అమర్చిన తొట్టిని చూసి, ఇది నమాజుకు ముందు కాళ్లు కడుక్కోవడానికి పెట్టినది కాదు కదా అని కొందరు ఆరా తీశారు. అది నేల తుడిచే మాపు కడుక్కునే తొట్టి అని సిబ్బంది సమాధానమిచ్చారు. జీవితంలో ఎన్నడూ మాపు పట్టనివాడికి ఆ తొట్టి కుట్రలా కనబడితే తప్పు పట్టగలమా? 2015 డిసెంబరులో వర్జీనియాలోని ఆగస్టా కౌంటీలో, భూగోళం తరగతి పిల్లలచేత ఒక అరబిక్ వాక్యం రాయించారన్న గొడవ ముదిరి, ఒకరోజు కౌంటీలోని బడులన్నీ మూసేశారు.

అయితే ఈ భయానికి అసలైన పరీక్ష కాన్సస్‌లోని గార్డెన్ సిటీలో ఎదురైంది. మాంసం ప్యాకింగ్ కర్మాగారాల పని మీద బతికే ఆ ఊళ్లో బాంబుదాడికి కుట్ర పన్నుతున్న ముగ్గురిని 2016 అక్టోబరులో పట్టుకున్నారు. ఇన్నేళ్ల ఎదురుచూపు ఫలించిందని ఊరు ఊరంతా గర్వించవలసిన ఘడియ అది. చిక్కల్లా ఏమిటంటే, ఆ ముగ్గురూ క్రూసేడర్లమని, అంటే ఒకప్పుడు ముస్లింల మీద మతయుద్ధాలకు వెళ్లిన క్రైస్తవ యోధులమని, పేరు పెట్టుకున్న ఆ ప్రాంతపు అమెరికన్లే. వారు కూల్చదలచింది సోమాలీ ముస్లిం కార్మికులు కాపురముంటూ నమాజు చేసుకునే అపార్ట్‌మెంట్లను. ముగ్గురికీ పాతికేళ్లకు తగ్గకుండా శిక్షలు పడ్డాయి. భయపడే హక్కు ఎవరిదో ముందే ఖరారైపోయిన దేశంలో, ఆ అపార్ట్‌మెంట్ల వారి భయాన్ని ఏ పద్దులో రాసుకోవాలో ఎవరికీ తోచలేదు.

మనవాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తగిలింది. 2017 ఫిబ్రవరిలో అదే కాన్సస్‌లోని ఓలేతెలో, ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు, రెండోవారు గాయాలతో బయటపడ్డారు, అడ్డుపడిన అమెరికన్ యువకుడికి కూడా తూటా తగిలింది. కాల్చినవాడు మరో ఊరి బార్‌కు పోయి, ఇద్దరు ఇరానీయులను చంపి వచ్చానని చెప్పుకున్నాడు. ఆ తరువాత మన ఇళ్లలో సలహాలకు కొదవలేకపోయింది. బయట తెలుగులో మాట్లాడకండి అన్నవారున్నారు. మనం ముస్లింలం కాదని తెల్లవారికి విడమరచి చెప్పాలన్నవారూ ఉన్నారు. వాడు మనిషిని కాల్చడంలో కాక మనిషిని పోల్చుకోవడంలోనే పొరబడ్డాడన్నట్టు. సదరు పొరపాటు సవరణకు నా వంతు సాయంగా, ‘నేను ఇరానీని కాను’ అని అచ్చువేసిన చొక్కాలు తెలుగు సంఘాలు తమ మహాసభల్లో సభ్యులకు ఉచితంగా పంచాలని ప్రతిపాదిస్తున్నాను. నిజంగానే ఇరాన్ నుంచి వచ్చినవాడు ఏ చొక్కా తొడుక్కోవాలన్నది మాత్రం ఏ సంఘం కార్యవర్గంలోనూ ఇంకా చర్చకు రాలేదు.